రెండు పొయ్యిలు, ఒకే గొట్టం

కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. పాతకాలపు గ్రామసేవిక ఎలా ఉంటుందో చూద్దామని సరదా కాబోలు. కాఫీలు తాగడం అయ్యాక అందరూ అడిగేది ఒకటే, మీ సర్వీసులో మొత్తం ఎన్ని పొగరాని పొయ్యిలు కట్టించారమ్మా అని. నాకు లెక్క గుర్తులేదు. ఆఫీసులో రాసుకున్న లెక్క మీద నాకు అప్పట్లోనే పెద్ద నమ్మకం లేదు. మేం ఎంతో ముచ్చటపడి కట్టించిన పొయ్యిల్లో కొన్ని కోళ్లకు గూళ్లయ్యాయి, కొన్నిట్లో పిల్లులు పిల్లల్ని పెట్టాయి. ఆ సంగతులు ఎవరూ పైకి రాసి పంపలేదు.

అయితే ఒక వంటిల్లు మాత్రం మూలమూలనా గుర్తుంది. నేను గీసిన మొదటి వంటిల్లు అది. గీసింది నేననే అప్పుడు అనుకున్నాను గానీ, సగానికి పైగా గీసింది ఆ ఇంటి ఆడవాళ్లిద్దరే. మీలాంటి కొత్తవాళ్లు ఇప్పుడు బల్ల ముందు కూర్చుని, కాగితం మీద స్కేలు పెట్టి వంటిళ్లు గీసేస్తున్నారు. అందుకే దాని సంగతి మీకు చెప్పాలనిపిస్తోంది.

కర్నూలు రాజధాని అయి, మా ఊళ్లో ఖాళీగా కనబడిన ప్రతి జాగాలోనూ గుడారాలు లేచిన రోజులవి. అప్పుడే కొత్తగా బ్లాకు ఆఫీసులు పెట్టి, పల్లెలకు గ్రామసేవికల్ని పంపడం మొదలుపెట్టారు. శిక్షణ ముగించుకున్న నన్ను మైదుకూరు దాపున ఒక మెట్ట పల్లెలో వేశారు. మైదుకూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఎద్దులబండి. పెళ్లికాని పిల్ల ఒక్కతే వచ్చి, ఊళ్లో గది తీసుకుని, ఇంటింటికీ వెళ్లి వంటగదుల్లోకి తొంగిచూస్తుంటే జనానికి వింతగా ఉండేది. "ఏమ్మా, మేం ఏం వండుకున్యామో చూసేదానికి సర్కారు నీకు జీతమిస్తాదా?" అని ఒక అవ్వ నన్ను నిలబెట్టి అడిగింది. ఆమె ఎగతాళికి అన్నదో, నిజంగానే తెలుసుకోవాలని అన్నదో ఇప్పటికీ చెప్పలేను. ఆమె అన్నదాంట్లో అబద్ధం మాత్రం లేదు. ఇతరుల వంటిళ్లలో ఏం జరుగుతుందో చూడాలనే కుతూహలం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. దానికి జీతం కూడా వస్తుందంటే ఎగిరి గంతేసి చేరాను.

ఆ ఊళ్లో అన్నదమ్ములిద్దరి ఉమ్మడి కుటుంబం ఒకటి ఉండేది. పొలం, ఎడ్లు, జీతగాళ్లు ఉన్న రైతు ఇల్లు. పెద్ద మట్టిమిద్దె. వంటింటికి కిటికీ లేదు, కప్పులో ఒక గవాక్షి ఉండేది, అంతే. గవాక్షి అంటే మీకు తెలియదేమో, మిద్దె కప్పుకి వదిలిన కంత. లోపలికి వెలుతురు రావాలన్నా బయటికి పొగ పోవాలన్నా అదే దారి. వాన వస్తే దాని మీద కుండ బోర్లించేవారు. అప్పుడిక పొగ ఇంటిమనిషే. ముందటేడు వానలకు ఆ వంటింటి దూలం చెదలు పట్టి వంగిపోయింది. కూలేదాకా ఆగకుండా కప్పు దించేసి, వంటిల్లు కొత్తగా కట్టుకోవాలని నిశ్చయించుకున్నారు. అప్పటిదాకా వంట పశువుల కొట్టంలో.

నన్ను పిలిపించింది పెద్దన్న. ఆయన సర్కారు మీద గౌరవంతో పిలిపించలేదు, భార్య కోసం పిలిపించాడు. ఆమెను ఊరంతా పెద్దామె అనేవారు. నలభై దాటిన మనిషి. దగ్గు తెర వచ్చిందంటే గోడ పట్టుకుని నిలబడిపోయేది, మాట సగంలో ఆగిపోయేది. కడప తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించారట. పొగ తగలకూడదు, వంగి పని చేయకూడదు, ఇంకో చలికాలం ఇలాగే పొగలో గడిపితే మనిషి దక్కదు అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడట. "పొగ రాని పొయ్యి ఒకటి ఉండాదంట గదమ్మా. కొత్త వంటిల్లు యాడ ఏముండాల్నో నువ్వే గీసియ్యి" అన్నాడు పెద్దన్న. అంత పెద్దమనిషి నాలాంటి పిల్లను అడిగేసరికి నా కాళ్లు నేల మీద నిలవలేదు.

పెద్దామెకు పిల్లలు లేరు. తమ్ముడి భార్యకు ముగ్గురు. ఆమెను చిన్నామె అనేవారు. పుష్టిగా ఉండేది, మాట తక్కువ. ఆ ఇళ్లలో తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడదు, ఆయన వస్తే తలుపు వెనక్కి తప్పుకుంటుంది. పిల్లలు ముగ్గురూ కన్నతల్లిని అమ్మా అనే పిలిచేవారు గానీ, ఆకలేస్తే పరిగెత్తేది పెద్దమ్మ దగ్గరికే. రాత్రి పడుకునేదీ ఆమె చుట్టూనే. చిన్నామె దానికి ఏమనుకునేదో ఆమె ముఖం చూసి చెప్పడం ఎవరివల్లా అయ్యేది కాదు. నావల్ల అసలే కాలేదు.

మా ఆఫీసరమ్మ కృష్ణాజిల్లా ఆవిడ. కచ్చితమైన మనిషి, చేతిసంచిలో ఎప్పుడూ టేపు ఉండేది. ఆమె నాకు ఇచ్చిన కరపత్రం మీద ఒక బొమ్మ ఉండేది. నడుమెత్తు తిన్నె, దాని మీద పొయ్యి, పక్కనే కప్పు దాటి పైకి పోయే గొట్టం. తిన్నె ముందు ఒకావిడ మడత నలగని చీరతో నవ్వుతూ నిలబడి ఉంటుంది. ఆమె నుదుట చెమట కూడా లేదు. ఆ బొమ్మను ఆ వంటింట్లోకి దించేస్తే సరిపోతుందని నేను వెళ్లాను.

వెళ్లి చూస్తే కప్పు లేదు, నాలుగు గోడలు, పైన ఆకాశం. ఎక్కడ ఏం పెట్టాలో తోచలేదు. ఆడవాళ్లిద్దరికీ కరపత్రం చూపిస్తే, బొమ్మలో ఆవిడ చీర బాగుందన్నారు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. రేపు పొద్దున ఏం వండుతారో ఇప్పుడే, ఈ ఖాళీ గదిలోనే వండి చూపించమన్నాను. సామాన్లేవీ అక్కర్లేదు, ఉన్నట్టే అనుకుని చేయండి అన్నాను. పెద్దామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకున్నాక, సరే చూద్దామని లేచింది.

మీరు నమ్మరు గానీ ఆ పూట నేను చూసిన వంట మళ్లీ ఎక్కడా చూడలేదు. లేని బానలో నీళ్లు ముంచారు, లేని చాటలో జొన్నలు చెరిగారు, లేని రోట్లో ఊరిబిండి పచ్చడి నూరారు. నేను గిన్నెలో ముగ్గుపిండి పట్టుకుని వెనకాలే తిరుగుతూ వాళ్ల కాలు ఆగిన చోటల్లా గీత గీశాను. మేస్త్రీ గోడ మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన ఆ ఊరి సాయిబు, పెద్దామె పెళ్లప్పుడు పందిరి వేసినవాడు. మొదట నవ్వాడు, తర్వాత తానే అందులో పడిపోయి, "ఉప్పు రెండు తూర్లు ఏసినావు చూసుకోమ్మా" అని హెచ్చరించాడు. నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది ఒకటుంది. వాళ్లిద్దరూ ఒక్కసారి కూడా ఒకరికొకరు అడ్డు రాలేదు. చిన్నామె తిరిగి చూడకుండానే చెయ్యి వెనక్కి చాపేది, పెద్దామె ఆ చేతిలో లేని గరిటె పెట్టేది. మా ఇంట్లో మా అమ్మా, మా మేనత్తా పొయ్యి దగ్గర ఎలా ఒరుసుకునేవారో నాకు తెలుసు.

చివరికి సంగటి వచ్చింది. చిన్నామె కుండ దించినట్టు చేసి, నేల మీద కూర్చుని, కుండకు అడ్డం పెట్టే రెండు కట్టెల్ని రెండు పాదాలతో తొక్కిపట్టి, తెడ్డుతో ఒళ్లంతా ఊగిస్తూ గెలికింది. అది చూసేసరికి కరపత్రంలో తిన్నె నా కళ్ల ముందే కూలిపోయింది. జీతగాళ్లతో కలిపి ఆ ఇంటికి వండే సంగటి కుండ పెద్దది. ఉడుకుతున్న కుండను నడుమెత్తు నుంచి దించడం ఇద్దరికీ కష్టమే, జారితే కాళ్లు కాలిపోతాయి. దించకుండా పైనే గెలకాలంటే తిన్నె ఎక్కి నిలబడాలి. చిన్నామె తలెత్తి నా వైపు చూసింది. నేను కరపత్రం మడిచి సంచిలో పెట్టుకున్నాను. బియ్యం వండుకునే చోట తయారైన బొమ్మ అది.

ఇక చేయాల్సింది తేలిపోయింది. సంగటికి నేల మీద ఒక పొయ్యి, చిన్నామెకు. కూరలకూ పప్పుకూ నడుమెత్తు తిన్నె మీద ఇంకో పొయ్యి, వంగకూడని పెద్దామెకు. గొట్టం పొయ్యిని ఆనుకునే ఉండాలని శిక్షణలో చెప్పారు గనక ఈ గోడకొక గొట్టం, ఆ గోడకొక గొట్టం. ముగ్గుతో అన్నీ గీసి, చుట్టూ తిరిగి చూసుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు వెళ్లేసరికి తిన్నె పొయ్యి గీతా, దాని గొట్టం గీతా లేవు. మిగతావన్నీ ఉన్నాయి. బాన, రోలు, చెంబులు పెట్టే గూడు, చిన్నామె పొయ్యి, అన్నీ ఎక్కడివక్కడే. గాలికి పోతే ఒక్కటే పోతుందా? కోడి కెలికిందనుకుందామంటే అంత కొలతగా కెలికే కోడి ఉండదు. మళ్లీ గీశాను. మర్నాడు మళ్లీ లేదు. నాకు కోపం రాలేదు, ఆరా తీయాలనిపించింది. చిన్నామె మీదే అనుమానం వచ్చింది. తోటికోడలికి నిలబడి వండుకునే భోగం దక్కుతుంటే తనకు నేల మీద చాకిరీ ఏమిటని కడుపుమంటేమో అనుకున్నాను. ఆ వయసులో మనుషుల్ని చదవడం నాకు బాగా వచ్చనే నమ్మకం ఉండేది.

మూడోసారి గీసి, మర్నాడు తెల్లవారుతూనే వెళ్లాను. పెద్దామె తడిగుడ్డతో నేల తుడుస్తోంది. వంగకూడని మనిషి వంగి, దగ్గుతూ, ఆగుతూ తుడుస్తోంది. నన్ను చూసి తప్పుచేసి దొరికిపోయినట్టు లేవబోయింది. నేను పట్టుకుని గోడకు ఆనించి కూర్చోబెట్టాను. ఊపిరి సర్దుకున్నాక తనే చెప్పింది.

"ఈ ఊర్లో పొగను చూసి ఇండ్లు లెక్కబెడతారమ్మా. ఒగ కప్పు మీద రెండు పొగలు లేస్తే అది రెండు ఇండ్లు. పాత వంటింట్లో పొయ్యిలెన్ని ఉన్యా పొగ పోయేది ఒగ గవాక్షిలోనే. నువ్వు నాకు వేరే గొట్టం పెడితే నా పొయ్యి వేరైనట్టే."

ఊరివాళ్లు ఏమైనా అనుకోనీ, మీకేం అన్నాను. ఆమె నా వంక జాలిగా చూసింది.

"పొయ్యి వేరైతే పిల్లోళ్లు యాడ తింటారు? వాళ్లమ్మ పొయ్యి కాడ తింటారు. నాకు మిగిలేది ఆ గొట్టమే. దగ్గుతో పోతే పోతా, పిల్లోళ్లు నా కంచంలో తింటాండంగ పోతా."

ఆమెకు కొత్త ఊపిరి తెచ్చిస్తున్నాననుకుని మురిసిపోయినదాన్ని. ఆమె దేనికోసం ఊపిరి పీలుస్తోందో అడగాలని నాకు తట్టలేదు.

నేను ఏదో ఒకటి ఆలోచించేలోపే సంగతి ఊళ్లోకి పాకింది. కప్పులేని గదిలో ముగ్గు గీతలు గోడ మీంచి అందరికీ కనబడుతూనే ఉన్నాయి. బావి దగ్గర నలుగురు చేరారంటే ఇదే మాట, ఆ ఇంట్లో వేరు కుంపటి పెడుతున్నారట, సర్కారు మనిషి వచ్చి గీత గీసిందట. పెద్దన్న వాటాకి ఏ చేను వస్తుందో ఊళ్లోవాళ్లే పంచేశారు. బంధువులిద్దరు బండి కట్టుకుని పరామర్శకు వచ్చారు కూడా. వాళ్లకు భోజనాలు పెట్టి పంపాక పెద్దన్న మేస్త్రీని పని ఆపమన్నాడు. నన్ను పిలిచి గొంతు పెంచకుండానే అడిగాడు. "మా ఇల్లు పగలగొట్టమని నీకెవరు చెప్పినారమ్మా?" ఆయన అరిచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. తమ్ముడు పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. నిజంగా వేరుపడాలనుకున్నవాడు కూడా అంత సిగ్గుపడడు.

నాలుగు రోజులు గోడలు అలాగే నిలబడ్డాయి. నల్లమల వైపు నుంచి మబ్బులు రావడం మొదలైంది. మట్టిగోడలు కప్పు లేకుండా నానితే మళ్లీ పునాదుల నుంచి ఎత్తాల్సిందే. అప్పుడే ఆఫీసరమ్మ జీపులో వచ్చింది.

ఆ రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అన్నదమ్ములిద్దరూ వంటింటి గడప బయట కూర్చున్నారు. పెద్దామె గోడకు ఆనుకుని ఉంది. చిన్నామె తలుపుచెక్క వెనకాల. తలుపు ఇంకా బిగించలేదు, ఊరికే గోడకు చేర్చి ఉంది, అయినా ఆమె దాని వెనకే నిలబడింది. ఆఫీసరమ్మ అంతా విని, కరపత్రంలో ఉన్నట్టు ఒకటే పొయ్యి, ఒకటే గొట్టం కట్టుకోండి, లేదంటే మీ ఇష్టం అంది. దాని మీద సంగటి కుదరదని నేను చెప్పాను. అట్లయితే పాత పద్ధతే కట్టేస్తామన్నాడు పెద్దన్న. పెద్దామె కూడా, "పాతదే కట్టీండి. నాకు అలవాటే" అంది. డాక్టరు చెప్పిన మాట ఎవరూ ఎత్తలేదు. అందరి మనసులోనూ అదే ఉంది, అందుకే ఎవరూ ఎత్తలేదు. మేస్త్రీ తాపీ తీసి సంచిలో పెట్టుకున్నాడు.

తలుపు వెనక నుంచి మాట వినిపించింది.

"సేవికమ్మా, రెండు పొయ్యిలకూ గొట్టం ఒగటే పెట్టేదానికి కాదా?"

అందరూ అటు తిరిగారు. బావగారి ముందు ఆమె నోరు విప్పడం ఆ ఇంట్లో అదే మొదలట. పెద్దన్న ఆ మాట విన్నాడు. గది ఎంతుందని, వినకపోవడానికి? అయినా నన్నే అడిగాడు, ఆయమ్మ ఏమంటోందని. నేను అదే మాట మళ్లీ చెప్పాను. అప్పుడు పొగ ఒకటే లేస్తుందా అడగమన్నాడు. నేను తలుపువైపు తిరిగి అడిగాను. ఒకటే లేస్తుంది, మధ్యన గోడ కూడా ఉండదు, అక్క నిలబడి చేసుకుంటుంది, తను పక్కనే కూర్చుని గెలుకుతుంది అని జవాబు వచ్చింది. దాన్ని నేను ఇటు మోసుకొచ్చాను. మూరెడు దూరంలో ఉన్న ఇద్దరి మధ్య నేను పోస్టుమ్యాను పని చేస్తుంటే ఆఫీసరమ్మ నోరు తెరిచి చూస్తూండిపోయింది. పెద్దన్న చాలాసేపు తువ్వాలు అంచు మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు. చివరికి ఆయన మాట్లాడింది నాతోనే. "మంచి ఆలోచనే అని చెప్పమ్మా."

చెప్పే అవసరం లేకపోయింది. తలుపు వెనక చీర కదిలిన చప్పుడైంది.

ఆఫీసరమ్మ నన్ను పక్కకు పిలిచింది. రెండు పొయ్యిలు ఒకే గొట్టానికి కలిపితే చిక్కుందని ఆమె చెప్పింది, నాకూ తెలుసు. రెండూ మండుతుంటే మంట లాగుతుంది, పొగ పైకి పోతుంది. ఒకటే వెలిగిస్తే దాని పొగ పైకి పోకుండా ఆరిన పొయ్యి నోట్లోంచి ఇంట్లోకి వస్తుంది. ఇది పని చేయకపోతే చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ మన మాట వినరు తల్లీ అంది. నేను ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. ఆమె నిట్టూర్చి, "కట్టించు. కానీ వెలిగించే రోజు నన్ను పిలవకు" అని జీపెక్కింది. ఆమె పిరికిదని అనుకోకండి. ఒప్పుకోకుండా వెళ్లిపోవచ్చు, ఒప్పుకునే వెళ్లింది.

గొట్టం మూలలోకి వచ్చింది. దానికి ఒక పక్క గోడకు పెద్దామె తిన్నె, రెండో పక్క గోడకు చిన్నామె నేల పొయ్యి. ఇద్దరూ ఎదురుబొదురుగా కాక, పక్కపక్కనా కాక, ఎల్-ఆకారంలో, ఒకరి మాట ఒకరికి అందేట్టు. తిన్నె పైన గోడకు కిటికీ పెట్టించాను, వీధిలో ఆడుకునే పిల్లలు పెద్దామెకు కనబడేలా. గూళ్లు, బాన, రోలు ఆ రోజు ముగ్గు గీతలు ఎక్కడున్నాయో అక్కడే. కప్పు వేసిన మూడో రోజు వాన కురిసింది.

పొయ్యి వెలిగించే రోజు పాలు పొంగించాలి. ఎవరు వెలిగించాలని మాట వచ్చింది. పిల్లల తల్లే వెలిగించాలని పెద్దామె పట్టుబట్టింది. రెండూ కలిపి వెలిగించమని చెప్పాల్సిన నేను ఆ సందట్లో మరిచిపోయాను. చిన్నామె తన పొయ్యిలో కందికట్టె పెట్టి నిప్పు రాజేసింది. ఆఫీసరమ్మ చెప్పిందే జరిగింది. ఆరిన తిన్నె పొయ్యి నోట్లోంచి పొగ బుసబుసమని పొంగి, ఎదురుగా నిలబడ్డ పెద్దామె ముఖాన కొట్టింది. ఆమెకు ఊపిరాడలేదు. నేనూ చిన్నామె చెరో రెక్కా పట్టుకుని బయటి అరుగు మీద కూర్చోబెట్టాం. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. వీధిలో నిలబడి పొగల లెక్క చూద్దామని వచ్చినవాళ్లు నన్ను చూడటం మొదలుపెట్టారు. పెద్దన్న ఒక్క మాటే అన్నాడు, మేస్త్రీతో, గడ్డపార తెమ్మని.

నాకు భయం వేసింది. ఉద్యోగం పోతుందని కాదు. ఆ దగ్గు ఆగకపోతే ఏం చేయాలని.

దగ్గు ఆగింది. పెద్దామె కళ్లు తుడుచుకుంది. ఎవరినీ అడగకుండా లేచి, ముక్కుకు కొంగు చుట్టుకుని లోపలికి వెళ్లింది. నేను వెనకే పరిగెత్తాను. ఆమె చిన్నామె పొయ్యిలోంచి మండుతున్న కట్టె ఒకటి తీసుకుని తన తిన్నె పొయ్యిలో పెట్టి, పైన నాలుగు చిదుగులు వేసింది. మంట అంటుకుంది. పొంగుతున్న పొగ ఒక్కసారి తటపటాయించినట్టు ఆగి, వెనక్కి తిరిగి, లోపలికి పోయింది. గొట్టం హోరుమంది. కాసేపటికి గదిలో ఎదుటి మనిషి కనబడ్డాడు, గడ్డపార పట్టుకుని గడపలో నిలబడ్డ మేస్త్రీ. ఆయన దాన్ని గోడకు ఆనించి బయటికి వెళ్లి పైకి చూశాడు. "ఒగటే" అని వీధిలోవాళ్లకు గట్టిగా చెప్పాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో అదే రివాజు. ఇద్దరూ కలిసి వెలిగించాలి, కలిసి ఆర్పాలి. చిన్నామె కోడికూతకే లేచే మనిషి. పెద్దామె ఊపిరి సర్దుకుని లేచేసరికి ఎండ పొడుస్తుంది. అప్పటిదాకా చిన్నామె పేడకళ్లు ఎత్తి, నీళ్లు మోసి, పొయ్యి ముందు కూర్చుని ఎదురుచూసేది. ఆ చలికాలం పెద్దామె దాటింది. దగ్గు పూర్తిగా పోలేదు గానీ మాట సగంలో ఆగడం తగ్గింది. డాక్టరు చూసి, ఏం మందు వాడారని అడిగాడట.

ఊరివాళ్లు మెచ్చుకున్నారు, పక్క ఊరి నుంచి కూడా వచ్చి చూసి వెళ్లారు. నాకు మాత్రం మనసు కుదురుగా లేదు. ఇద్దరు మనుషులుంటే తప్ప పనిచేయని పొయ్యి ఏం పొయ్యి? ఒకరికి జ్వరం వస్తే? ఒకరు ఊరికి వెళ్తే? దీనికి మందు తేలికే. ఆరిన పొయ్యి నోరు మూసేస్తే చాలు. మేస్త్రీతో చెప్పి పల్చటి నాపరాయి బండను పొయ్యి నోటికి సరిపడా చెక్కించాను, పట్టుకోవడానికి ఒక ఇనప కొక్కెం కూడా పెట్టించాను. తీసుకెళ్లి ఇద్దరికీ చూపించాను. ఇది మూసుకుంటే ఇక ఎవరు ఒక్కరే వండుకున్నా పొగ రాదని చెప్పాను. ఇద్దరూ బాగుందన్నారు. నాకు మజ్జిగ ఇచ్చారు.

తర్వాత వెళ్తే బండ కనబడలేదు. యాడ పెట్టినామో అంది పెద్దామె. ఇంకోసారి వెళ్లినప్పుడూ అదే మాట. మూడోసారి నేనే అడగడం మానేశాను, ఎందుకంటే నాకు అర్థమైందనుకున్నాను. మూత ఉంటే చిన్నామె ఒక్కతే వండుకోగలదు. ఒక్కతే వండుకోగలిగితే పొయ్యి వేరుపడటానికి అది మొదటి మెట్టు. పెద్దామె ఆ బండను ఎక్కడో దాచేసి ఉంటుంది, పాపం, దాచుకోనీ అనుకున్నాను. చిన్నామె కష్టం తలుచుకుంటే మాత్రం కొంచెం బాధేసేది. నోరులేని మనిషి అని ఎంత వాడుకోవాలి అనిపించేది.

కొన్నాళ్లకు నన్ను కోసిగి వైపు బదిలీ చేశారు. వెళ్లేముందు చెప్పిపోదామని వాళ్లింటికి వెళ్లాను. పెద్దామె లేదు. తన అన్నగారింట్లో శుభకార్యానికి ప్రొద్దుటూరు వెళ్లి రెండు రోజులైందట, ఆ సాయంత్రం బస్సుకి వస్తుందట. వంటింట్లోకి వెళ్తే పొగకు కళ్లు కనబడలేదు. చిన్నామె ఒక్కతే తన పొయ్యి వెలిగించుకుని కూర్చుంది. తిన్నె పొయ్యి నోట్లోంచి పొగ దొర్లుకుంటూ వస్తోంది. ఆమె కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, ముక్కు కారుతోంది. ఇక నేను ఉండబట్టలేకపోయాను. ఆ బండ పెట్టుకుంటే ఈ బాధ ఉండేదా, మీ అక్క దాన్ని ఎక్కడ దాచిందో వెతకకపోయావా అన్నాను.

చిన్నామె నా వైపు చూసి నవ్వింది. ఆమె నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. లేచి రమ్మని సైగ చేసి, కొట్టంలోకి తీసుకెళ్లి, మూలనున్న చొప్పమోపు జరిపింది. కింద బండ ఉంది, కొక్కెంతో సహా.

"అక్క కాదు. నేనే దాచిపెట్టినా."

ఎందుకన్నాను. నాకు నిజంగానే తోచలేదు.

"అది మూసుకోని సుఖంగా వండుకున్యాననుకో. సాయంత్రం అక్క వచ్చి చూస్తాది. తను లేకున్యా పొగ రాలేదు, పొయ్యి బాగానే మండింది, పిల్లోళ్లు బాగానే తిన్యారు, ఇంటికి ఏ కొదవా లేదు." చొప్పమోపు మళ్లీ బండ మీదికి లాగి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడైతే వచ్చి నా కండ్లు చూస్తాది."

ఇద్దరం వంటింట్లోకి తిరిగి వెళ్లాం. ఆమె సంగటి ముద్ద చేసి పెట్టింది. ఆ పొగలోనే కూర్చుని తిన్నాను.